కెన్యాలో సర్కారు కొలువుకు దారి: హుడుమా కౌంటరు నుంచి జీతం చీటీ దాకా

కెన్యాలో ప్రభుత్వ ఉద్యోగం కోరుకునే వ్యక్తికి ఒక్క కార్యాలయంతో పని తీరదు. ప్రకటన ఒకచోట వస్తుంది, దరఖాస్తు మరొకచోట పెట్టాలి, ధ్రువపత్రాలు నాలుగైదు సంస్థల నుంచి తెచ్చుకోవాలి, రుసుము ఈ-సిటిజన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ద్వారా కట్టాలి, వేలిముద్రలు పలు శాఖల సేవలు ఒకచోట దొరికే హుడుమా కేంద్రంలో ఇవ్వాలి, తీరా ఉద్యోగం వచ్చాక జీతం చీటీ ఇంకో పోర్టల్‌లో చూసుకోవాలి. ఇవన్నీ వేర్వేరు సంస్థలు నడిపేవే అయినా, దరఖాస్తుదారుకు అది ఒకే ప్రయాణం కాబట్టి, మొత్తాన్ని ఒకే సేవగా భావించి ఇక్కడ సమీక్షిస్తున్నాను. నైరోబీలో ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో పనిచేసే భారతీయుడిగా ఈ ఉద్యోగాలకు నేను పోటీదారును కాను. అయితే మా విభాగంలో తాత్కాలికంగా చేరే స్థానిక యువతీయువకుల్లో చాలామంది ఏదో ఒక మంత్రిత్వ శాఖ ప్రకటనకు దరఖాస్తు పెట్టుకుంటూనే ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని ఫారాలు నింపించడం, కొందరి వెంట కౌంటర్ల దాకా వెళ్ళడం వల్ల ఈ వ్యవస్థ పనితీరు దగ్గరగా చూడగలిగాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. కౌంటరు ఇవతల కెన్యా ప్రభుత్వం చూపే మర్యాదా వేగమూ మెచ్చుకోదగినవి. కౌంటరు అవతల జరిగే ఎంపిక గురించి దరఖాస్తుదారుకు తెలిసేది మాత్రం బహు తక్కువ.

తెలుగు పాఠకులకు మొదట చెప్పవలసిన తేడా ఒకటుంది. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ అనగానే మనకు నోటిఫికేషను, ప్రిలిమ్స్, మెయిన్స్, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, కీ మీద అభ్యంతరాలు, కోర్టు స్టేలు గుర్తుకు వస్తాయి. కెన్యా పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఎంపికలో లక్షలమంది ఒకే రోజున కూర్చుని రాసే అటువంటి పోటీ పరీక్ష లేదు. ప్రకటనలో అడిగిన విద్యార్హత, అనుభవం, వృత్తి సంఘ సభ్యత్వం ఆధారంగా దరఖాస్తులను వడపోసి, మిగిలినవారిని మౌఖిక పరీక్షకు పిలుస్తారు. అందువల్ల ఏళ్ళ తరబడి అద్దె గదుల్లో చదువుకుంటూ గడిపే యువత ఇక్కడ కనిపించదు. అదే సమయంలో, నాకు ఇన్ని మార్కులు వచ్చాయి, కటాఫ్ ఇంత, అందుకే నాకు రాలేదు అని లెక్క చెప్పుకునే వీలు కూడా ఉండదు. పరీక్ష ఎంత క్రూరమైనదైనా ఒక అంకె ఇస్తుంది. ఇక్కడ ఆ అంకె దొరకదు.

2010 ఆగస్టు 27న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఉద్యోగ నియామకాలను అనేక కమిషన్ల మధ్య పంచింది. మంత్రిత్వ శాఖల సిబ్బంది నియామకం పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ది. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు టీచర్స్ సర్వీస్ కమిషన్ కిందికి, పోలీసులు నేషనల్ పోలీస్ సర్వీస్ కమిషన్ కిందికి వస్తారు. న్యాయస్థానాలకూ పార్లమెంటుకూ వేరే కమిషన్లు ఉన్నాయి. మన జిల్లాల్లాంటి 47 కౌంటీలలో ప్రతిదానికీ సొంత పబ్లిక్ సర్వీస్ బోర్డు ఉంది. వైద్యం చాలా వరకు కౌంటీల పరిధిలోకి వెళ్ళడంతో, నర్సు ఉద్యోగం కోరే అమ్మాయి కమిషన్ పోర్టల్ చూస్తూ కూర్చుంటే సరిపోదు, తాను పనిచేయడానికి సిద్ధపడే కౌంటీలన్నిటి ప్రకటనలనూ విడివిడిగా వెతుక్కోవాలి. వీటన్నిటికీ కలిపి ఒకే వాకిలి లేకపోవడం ఈ సేవలో నాకు మొదట కనిపించిన లోటు. ప్రతి మంగళవారం వెలువడే మైగవ్ అనే ప్రభుత్వ వారపత్రిక ఆ లోటును కొంత తీరుస్తుంది. మంత్రిత్వ శాఖల టెండర్లు, ఉద్యోగ ప్రకటనలు అందులో ఒకచోట కనిపిస్తాయి. దాని పీడీఎఫ్ ప్రతి మా ఆఫీసు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో మంగళవారం పొద్దున్నే చక్కర్లు కొడుతుంది.

మంత్రిత్వ శాఖల స్వరూపం కూడా మన పాఠకులకు కొత్తగా అనిపిస్తుంది. కేబినెట్ సెక్రటరీ అని పిలిచే ఇక్కడి మంత్రి పార్లమెంటు సభ్యుడు కాకూడదు. వారి సంఖ్య 14కు తగ్గకూడదు, 22కు మించకూడదు అని రాజ్యాంగమే హద్దు గీసింది. 2008లో ఏర్పడిన సంకీర్ణ ప్రభుత్వంలో దాదాపు నలభై మంది మంత్రులు ఉండేవారన్నది గుర్తుంచుకుంటే ఈ హద్దు విలువ తెలుస్తుంది. 2024 జూన్‌లో ఆర్థిక బిల్లుకు వ్యతిరేకంగా యువత వీధుల్లోకి వచ్చిన తరువాత, జూలై 11న అధ్యక్షుడు రూటో దాదాపు మంత్రివర్గం మొత్తాన్ని ఒక్క ప్రకటనతో తొలగించారు. ప్రధాన కేబినెట్ సెక్రటరీ ముదవాది మాత్రం మిగిలారు. మంత్రులు లేకున్నా ఆయా శాఖల ప్రిన్సిపల్ సెక్రటరీల ఆధ్వర్యంలో రోజువారీ పని నడుస్తూనే ఉంది. పౌరుడికి కావలసిన మంత్రిత్వ శాఖ అంటే నిజానికి ఆ కింది అంతస్తుల సిబ్బందేనన్న సంగతి ఆ వారాల్లో బాగా అర్థమైంది.

నైరోబీ నడిబొడ్డున హరాంబే అవెన్యూ మీద నడిస్తే ఈ యంత్రాంగంలో సగం కళ్ళముందే ఉంటుంది. అధ్యక్ష కార్యాలయం ఉన్న హరాంబే హౌస్, ట్రెజరీ భవనం, కాస్త పక్కకు విద్యాశాఖ ఉన్న జోగూ హౌస్, అదే వీధిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి కమిషన్ హౌస్ ఉన్నాయి. ఆరోగ్యశాఖ ఆఫ్యా హౌస్, వ్యవసాయశాఖ కిలిమో హౌస్ మాత్రం కొండ పక్కన కేథడ్రల్ రోడ్డులో ఉన్నాయి. పూర్వం ఈ భవనాల గేట్ల దగ్గర గోధుమరంగు కవర్లు పట్టుకుని యువకులు నిలబడేవారని మా సీనియర్ ఒకాయన చెబుతుంటాడు. ఇప్పుడు కమిషన్‌కు సంబంధించినంత వరకు ఆ కవర్ల అవసరం పోయింది.

కమిషన్ ఉద్యోగ పోర్టల్ చూడడానికి అందంగా ఏమీ ఉండదు, కానీ పని చేస్తుంది. గుర్తింపు కార్డు సంఖ్యతో ఖాతా తెరిచి, స్వంత కౌంటీ, విద్యార్హతలు, వృత్తి శిక్షణ, సభ్యత్వాలు, అనుభవం ఒక్కసారి నింపితే, తరువాతి ప్రకటనలకు అవే వివరాలు పనికివస్తాయి. ఫారంలో జాతి సముదాయం, అంగవైకల్యం గురించి అడగడం మొదట కొంత ఇబ్బందిగా అనిపిస్తుంది. ఎందుకు అడుగుతారో తరువాత చెబుతాను. గడువు తేదీన సాయంత్రం 5 గంటలకు తలుపు మూసుకుంటుంది, ఆపైన ఎవరు బతిమాలినా తెరుచుకోదు. దరఖాస్తుకు కమిషన్ రుసుము తీసుకోదు. నిరుద్యోగి చేత వందలకు వందలు చలానాలు కట్టించే అలవాటు చూసిన మనకు ఇది చిన్న విషయంగా కనిపించకూడదు. సిఫారసులకు ప్రయత్నిస్తే అనర్హులవుతారని ప్రతి ప్రకటన కిందా రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని అంత తప్పనిసరిగా రాయవలసి రావడం గురించి ఎవరి ఊహ వారిది.

అసలు శ్రమ ధ్రువపత్రాల దగ్గర మొదలవుతుంది. నాయకత్వం, నిజాయితీ గురించి చెప్పే రాజ్యాంగ ఆరవ అధ్యాయం పేరు మీద వీటిని ఇక్కడి వాళ్ళు 'చాప్టర్ సిక్స్' కాగితాలు అంటారు. పన్ను బకాయి లేదని పన్నుల సంస్థ కేఆర్‌ఏ ఇచ్చే పత్రం, విద్యారుణం సంగతి తేల్చే రుణ మండలి హెల్బ్ పత్రం, నేరచరిత్ర లేదని పోలీసు నేర పరిశోధన విభాగం డీసీఐ ఇచ్చే 'గుడ్ కాండక్ట్', అవినీతి నిరోధక కమిషన్ ఈఏసీసీ వారి స్వీయ ప్రకటన ఫారం, అప్పుల ఎగవేత లేదని ప్రైవేటు క్రెడిట్ బ్యూరో ఇచ్చే సీఆర్‌బీ నివేదిక — ఈ ఐదూ కావాలి. వీటిలో కేఆర్‌ఏ పత్రం ఉచితం. పన్నుల పోర్టల్ ఐటాక్స్‌లో అడిగితే, పాత రిటర్నులు సరిగ్గా ఉంటే, ఈమెయిల్‌కు వచ్చేస్తుంది. ఉద్యోగం లేకపోయినా ఏటా శూన్య రిటర్ను దాఖలు చేయాలన్న సంగతి తెలియని పిల్లలు ఇక్కడే చిక్కుకుంటారు. పిన్ అనే పన్ను సంఖ్య తీసుకుని మరచిపోయిన వాడికి, సంపాదన ఒక్క షిల్లింగు లేకున్నా, జరిమానా ఎదురవుతుంది.

గుడ్ కాండక్ట్ కోసం మా విభాగంలో పనిచేసిన అమ్మాయి వెంట కెన్యాట్టా అవెన్యూలో జీపీఓ దగ్గరున్న హుడుమా కేంద్రానికి వెళ్ళాను. 2013 నవంబరులో ప్రారంభమైన ఈ కేంద్రాలు ఇప్పుడు 47 కౌంటీలలోనూ ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టగానే హైదరాబాదులో ఒకప్పటి ఈసేవ, ఆ తరువాతి మీసేవ గుర్తుకు వచ్చాయి. పెద్ద హాలు, వరుసగా కౌంటర్లు, ఒక్కో కౌంటరు మీద ఒక్కో శాఖ పేరు, టోకెను ఇచ్చే యంత్రం, బెంచీలు, పిలుపు వినిపించే తెర. మీసేవలో ఒకే ఆపరేటరు అన్ని శాఖల పనీ నమోదు చేసి పంపుతాడు. హుడుమాలో ఆయా శాఖల మనుషులే కౌంటర్ల వెనుక కూర్చుంటారు. గుర్తింపు కార్డు వాళ్ళు, పన్నుల వాళ్ళు, విద్యారుణం వాళ్ళు, పోలీసులు ఒకే కప్పు కింద ఉండడంతో, ఒక కౌంటరులో తేలని విషయం పక్క కౌంటరులో అడిగి తేల్చుకోవచ్చు. నా దృష్టిలో ఇది మన నమూనా కంటే ఒక మెట్టు పైన ఉంది.

అయితే ఆ అమ్మాయి పని మొదటిసారి తేలలేదు. ఈ-సిటిజన్‌లో 1,050 షిల్లింగులు కట్టి, సీ-24 అనే వేలిముద్రల ఫారాన్ని ముద్రించుకుని వచ్చింది, కానీ రెండు పేజీలను రెండు వేర్వేరు కాగితాల మీద ముద్రించింది. కౌంటరులోని ఉద్యోగి దాన్ని తిప్పి చూసి, ఒకే ఏ-4 కాగితానికి ముందూ వెనుకా ఉండాలని మెల్లగా చెప్పి, నీ వరుస పోదులే, బయట సైబర్‌లో తీయించుకుని రా అని పంపాడు. జీపీఓ చుట్టుపక్కల ఇంటర్నెట్ కేఫ్‌లు ఈ ఒక్క పొరపాటు మీద ఎంత సంపాదిస్తాయో తెలియదు గానీ, మేం వెళ్ళిన దుకాణంలో కుర్రాడు నోరు తెరవకముందే 'సీ-24 కదా, రెండు వైపులా' అన్నాడు. తిరిగి వచ్చాక రోలరుతో నల్ల సిరా పూసి, పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా గోరు అంచు నుంచి అంచు దాకా దొర్లించి ముద్రలు తీసుకున్నారు. ఆ సిరా మరునాటికి కూడా ఆమె గోళ్ళ మూలల్లో కనిపించింది. పత్రం సిద్ధమైన తరువాత ఖాతాలోంచే దించుకోవచ్చు. రెండు వైపులా ముద్రించాలన్న సూచన ఈ-సిటిజన్‌లో ఉంది. ఉన్నది చిన్న అక్షరాల్లో, ఎవరూ చదవని చోట.

ఈ-సిటిజన్ గురించి విడిగా రెండు మాటలు చెప్పాలి. 2014లో ప్రారంభమైన ఈ వేదిక మీద 2023 జూన్ 30న 5,000కు పైగా సేవలను ఒకేసారి ప్రకటించారు. ప్రభుత్వ చెల్లింపులన్నిటినీ 222222 అనే ఒకే ఎం-పెసా పేబిల్ సంఖ్యకు మళ్ళించారు. మనకు ఫోన్‌పే ఎలాగో ఇక్కడ ఎం-పెసా అలాగ. అది మామూలు బటన్ ఫోనులో కూడా పనిచేస్తుంది కాబట్టి, స్మార్ట్ ఫోను లేని తల్లిదండ్రులు ఊళ్ళో నుంచే పిల్లల రుసుము కట్టగలుగుతారు. ఈ సౌకర్యానికి ఎంత చెప్పినా తక్కువే. కాకపోతే అన్ని సేవలనూ ఒకే గుమ్మానికి చేర్చడంలోని ప్రమాదం నెల తిరగకుండానే బయటపడింది. 2023 జూలై చివరి వారంలో అనానిమస్ సుడాన్ అనే ముఠా సైబర్ దాడి చేయడంతో పాస్‌పోర్టులు, వీసాలు సహా అనేక సేవలు రోజుల తరబడి కుంటుపడ్డాయి. సమాచారం పోలేదని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటి నుంచి మా ఆఫీసు పిల్లలకు ఒకటే చెబుతున్నాను: గడువు సాయంత్రం దాకా ఆగవద్దు, రుసుము కట్టిన సందేశాన్ని చెరపవద్దు.

ఈ ఐదు కాగితాల ఖర్చు గురించి యువత చేసిన ఫిర్యాదును పార్లమెంటు విన్నది. ఉద్యోగమే లేనివాడు ఉద్యోగం అడగడానికి వేల షిల్లింగులు ఖర్చు పెట్టడం అన్యాయమని, 2022లో ఉపాధి చట్టాన్ని సవరించి, ఉద్యోగం ఇస్తామని చెప్పిన తరువాతే యజమాని ఈ పత్రాలు అడగాలని నిర్దేశించారు. మంచి చట్టం. కానీ ఆ తరువాత కూడా దరఖాస్తుతో పాటే వీటిని జతపరచమనే ప్రకటనలు నా కంటబడుతూనే ఉన్నాయి. ఇలాంటి చోట దరఖాస్తుదారు చట్టం చూపించి వాదించలేడు, ఎందుకంటే వాదించినవాడి కాగితం ముందుగా పక్కకు పోతుందని అతడి భయం. ఒక కౌంటీ బోర్డు — పేరు అనవసరం — మా దగ్గర పనిచేసిన కుర్రాణ్ణి ఐదు పత్రాలూ పెట్టమన్నది, పైగా కవరు స్వయంగా వచ్చి ఇవ్వమన్నది. అతడు రాత్రి మతాటు అనే ప్రయాణికుల వ్యాను ఎక్కి వెళ్ళి, ఉదయం కవరు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు అడిగితే అలాంటి పద్ధతి లేదన్నారట. ఆ దరఖాస్తు ఏమైందో ఈనాటికీ తెలియదు. కమిషన్ పోర్టల్‌నూ ఇలాంటి బోర్డుల పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే దేశపు ప్రభుత్వమేనా అనిపిస్తుంది. ఒక్క ఊరట ఏమిటంటే, కౌంటీ బోర్డు నిర్ణయం మీద పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు అప్పీలు చేసుకునే హక్కును కౌంటీ ప్రభుత్వాల చట్టం ఇచ్చింది. ఆ హక్కు ఉన్నదని తెలిసినవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు.

ఇక జాతి సముదాయం గడి సంగతి. ఏ ప్రభుత్వ సంస్థలోనూ ఒకే సముదాయానికి చెందినవారు మూడింట ఒక వంతుకు మించకూడదని 2008 నాటి జాతీయ సమైక్యతా చట్టం చెబుతుంది. ఎంపికలో ప్రతిభతో పాటు వివిధ సముదాయాలకు, స్త్రీపురుషులకు, వికలాంగులకు తగిన అవకాశం ఉండాలని రాజ్యాంగం 232వ అధికరణం నిర్దేశిస్తుంది. మనకున్నట్టు ఇంత శాతం రిజర్వేషను, రోస్టర్ పాయింట్లు అనే యంత్రాంగం కాకుండా, ఇది పైకప్పు గీత మాత్రమే. 2011లో సమైక్యతా కమిషన్ జరిపిన లెక్కింపులో సివిల్ సర్వీసులో కికుయు సముదాయం 22.3 శాతం, కలెంజిన్ సముదాయం 16.7 శాతం ఉన్నట్టు తేలింది; 2009 జనగణన ప్రకారం జనాభాలో వీరి వాటా సుమారు 17, 13 శాతాలు. అప్పటి వరకు దేశాన్ని పాలించిన ముగ్గురు అధ్యక్షులూ ఈ రెండు సముదాయాల వారేనన్నది ఇక్కడ అందరికీ తెలిసిన విషయం. ఈ లెక్కలను దాచకుండా ప్రచురించడాన్ని, పబ్లిక్ సర్వీస్ కమిషన్ కూడా ఏటా విలువల అమలు మీద నివేదిక ఇవ్వడాన్ని నేను ఈ సేవలోని గట్టి గుణంగా లెక్కిస్తాను.

సముదాయాల పట్టికలో కెన్యా ఆసియన్ల పేరు కూడా ఉంటుంది. 2017 జూలైలో వారిని దేశపు 44వ సముదాయంగా గుర్తించారు. ఇది ఎక్కువగా గుజరాతీ, పంజాబీ కుటుంబాలకు వర్తిస్తుంది, పర్మిట్ల మీద వచ్చిన మన తెలుగువాళ్ళకు కాదు. వలస పాలన నాటి సర్కారు కొలువుల్లో భారతీయ గుమాస్తాలు, రైల్వే స్టేషను మాస్టర్లు దండిగా ఉండేవారు. జీతాలు రంగును బట్టి మూడు అంతస్తులుగా ఉండేవి: యూరోపియన్‌కు ఇచ్చే దానిలో ఐదింట మూడు వంతులు ఆసియన్‌కు, ఆఫ్రికన్‌కు అంతకన్నా తక్కువ. 1948లో హోమ్స్ కమిషన్ ఈ పద్ధతిని సమర్థించింది, 1954లో లిడ్‌బరీ కమిషన్ దాన్ని తీసివేయమన్నది. స్వాతంత్ర్యం తరువాత ఆఫ్రికనీకరణతో ఆ భారతీయ గుమాస్తాల తరం ఖాళీ అయింది. దరఖాస్తులో సముదాయం అడిగితే మనం నొచ్చుకునే ముందు ఈ చరిత్ర తెలిసి ఉండడం మంచిది.

మళ్ళీ ఎంపిక దగ్గరకు వద్దాం. ఎంపిక జాబితాలో నిలిచిన వారిని మాత్రమే సంప్రదిస్తామని ప్రకటన ముందే హెచ్చరిస్తుంది. ప్రిన్సిపల్ సెక్రటరీ వంటి పెద్ద పదవులకు మౌఖిక పరీక్షకు ఎంపికైనవారి పేర్లనూ తేదీలనూ కమిషన్ బహిరంగంగా ప్రచురిస్తుంది, అభ్యంతరాలుంటే తెలపమని పౌరులను కోరుతుంది. కింది స్థాయి ఉద్యోగాల్లో ఆ జాబితాలో లేనివాడికి మాత్రం ఎక్కడ ఆగిపోయాడో తెలియదు. విద్యార్హత చాలలేదా, అనుభవం చాలలేదా, ఒక కాగితం లోపించిందా, సముదాయాల సమతుల్యత అడ్డొచ్చిందా? కారణం ఒక్క వాక్యంలో పంపడం పోర్టల్‌కు కష్టమైన పని కాదు. దరఖాస్తు అందిందని చెప్పే యంత్రమే ఫలానా అర్హత దగ్గర ఆగిందని కూడా చెప్పగలదు. ఈ మౌనం వల్లనే 'లోపల మనిషి లేకపోతే రాదు' అనే మాట ప్రతి సైబర్ కేఫ్‌లోనూ వినిపిస్తుంది. నిజంగా లోపల మనిషి ఉన్నా లేకపోయినా ఆ మాట నిలబడిపోతుంది.

ఆ అనుమానానికి పై స్థాయి నుంచే ఆహారం అందిన సందర్భాలున్నాయి. చీఫ్ అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీ పేరుతో మంత్రులకు సహాయకులుగా 23 పదవులకు అవకాశం ఉండగా, 2023 మార్చిలో ఏకంగా 50 మందిని నియమించారు. ప్రజల భాగస్వామ్యం లేకుండా మిగిలిన పదవులు సృష్టించారన్న అభ్యంతరంతో వ్యాజ్యం నడిచి, అదే ఏడాది జూలై 3న హైకోర్టు ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. కోర్టు దాకా వెళ్ళి నిలదీయగల పౌర సంఘాలు, న్యాయవాదుల సంఘం ఉండడం ఈ దేశపు బలం. ఐదు పత్రాలూ సమర్పించి ఎదురుచూస్తున్న పట్టభద్రుడికి మాత్రం ఆ వార్త చదివినప్పుడు ఏమనిపించి ఉంటుందో చెప్పనక్కరలేదు.

దరఖాస్తుదారుల వైపు తప్పు లేదని కూడా అనలేం. గత పదేళ్ళలో చేరినవారి సర్టిఫికెట్లను తనిఖీ చేయమని 2022 అక్టోబరులో ఆదేశించిన తరువాత, 2024 ఫిబ్రవరిలో కమిషన్ ఫలితం వెల్లడించింది. సుమారు 28,000 మంది పత్రాలను పరిశీలిస్తే 2,067 మందివి నకిలీవని తేలింది. నూటికి ఏడుగురు. మార్కుల జాబితాలు దిద్దినవాళ్ళు, అసలు బడి గడపే తొక్కని చదువు చూపించినవాళ్ళు కార్యాలయాల్లో కూర్చుని అర్హుల చోటు ఆక్రమించారన్నమాట. వ్యక్తిగత నిజాయితీకి ఐదు కాగితాలు అడిగే వ్యవస్థ, చదువు నిజమా కాదా అని పరీక్ష మండలిని అడగడానికి ఇన్నేళ్ళు ఆగడం నాకు అర్థం కాలేదు. ఇంటర్వ్యూలో అసలు పత్రాలు చూపించాలన్న నిబంధన మొదటి నుంచీ ఉంది. చూపించిన కాగితం అసలుదేనా అని జారీ చేసినవారిని అడిగే పద్ధతి మాత్రం గట్టిగా లేదు.

కొత్త పట్టభద్రులకు కమిషన్ నడిపే పబ్లిక్ సర్వీస్ ఇంటర్న్‌షిప్‌ను నేను సిఫారసు చేస్తాను. ఏడాది పాటు ఏదో ఒక మంత్రిత్వ శాఖలో పని, మొదలుపెట్టినప్పుడు నెలకు 25,000 షిల్లింగుల భృతి. ఆ తరువాత శాశ్వత ఉద్యోగం హామీ లేదు, అది ముందే చెబుతారు. అనుభవం లేదని తిప్పి పంపే ప్రకటనలకు జవాబుగా ఒక సంవత్సరం చేతికి వస్తుంది. ఇదే ఇంటర్న్ అనే మాట ఇతర రంగాల్లో ఇంత మంచి పేరు తెచ్చుకోలేదు. వైద్యవిద్య పూర్తిచేసి ఇంటర్న్‌లుగా చేరిన వైద్యులకు 2017 ఒప్పందం ప్రకారం నెలకు రెండు లక్షల పైచిలుకు షిల్లింగులు రావలసి ఉండగా, ప్రభుత్వం 70,000 ఇస్తామనడంతో 2024లో మార్చి నుంచి మే దాకా 56 రోజుల సమ్మె జరిగింది. అర్హత గల ఉపాధ్యాయులను ఇంటర్న్‌ల పేరుతో తక్కువ జీతానికి బోధనలో పెట్టడం మీద కూడా ఏటా గొడవే.

ఉద్యోగం వచ్చినవారి అనుభవం కాస్త వేరుగా ఉంటుంది. జీతం చీటీ ప్రభుత్వ మానవ వనరుల పోర్టల్‌లో నెల చివర కనిపిస్తుంది. పన్ను, ఆరోగ్య బీమా 2.75 శాతం, గృహ నిర్మాణ సుంకం 1.5 శాతం, పింఛను, శాకో అనే పొదుపు, రుణ సహకార సంఘానికి కట్టవలసిన అప్పు వాయిదా వరుసగా తగ్గించుకుంటూ పోతే, చివర మిగిలే అంకె చూసి కొత్తవాళ్ళ ముఖం మారిపోతుంది. అన్ని కోతలూ పోగా మూల జీతంలో మూడింట ఒక వంతు తప్పక చేతికి అందాలన్న చట్టం ఉంది. అప్పు ఇచ్చే శాకో కూడా ముందుగా ఆ చీటీయే అడుగుతుంది, ఆ మూడో వంతు గీత ఎక్కడుందో లెక్కవేసి అంత మేరకే ఇస్తుంది. ఈ ఒక్క నియమం ఎంతమంది గుమాస్తాల ఇళ్ళు నిలబెట్టిందో లెక్కల పనిలో ఉన్న నేను ఊహించగలను. జీతాల స్థాయిల మీద ప్రభుత్వానికి జీతాల కమిషన్ సలహా ఇస్తుంది. తాత్కాలిక బాధ్యత మీద ఒక పదవిలో ఆరు నెలలకు మించి ఉంచకూడదని 2017 నాటి చట్టం చెబుతున్నా, ఆ గడువు దాటి సాగే 'యాక్టింగ్' పదవులు మన ఇన్‌ఛార్జి పదవుల్లాగే ఇక్కడా పాత కథ.

పదవీ విరమణ వయసు 60, వికలాంగులకు 65. 2021 జనవరి 1 నుంచి కొత్త పింఛను పథకం వచ్చింది. ఉద్యోగి వాటా మొదటి ఏడు 2, రెండో ఏడు 5, ఆపైన 7.5 శాతం, ప్రభుత్వ వాటా 15 శాతం. అప్పటికి 45 ఏళ్ళు దాటినవారికి పాత పద్ధతిలో ఉండిపోయే వెసులుబాటు ఇచ్చారు. మన దగ్గర సీపీఎస్ మీద జరిగిన వాదన విన్నవారికి ఈ అంకెలు ఆసక్తిగా ఉంటాయి, ముఖ్యంగా ఉద్యోగి కట్టే దానికి ప్రభుత్వం రెట్టింపు కట్టడం. పాత పద్ధతిలో ఉన్నవారి పింఛనును ట్రెజరీ కిందనున్న పింఛన్ల విభాగం చూస్తుంది. ఫైలు మాతృశాఖ నుంచి అక్కడికి చేరాలి, చేరిన తరువాత లెక్క తేలాలి. ఎక్కువమంది విశ్రాంత ఉద్యోగులు ఈ సేవను తిట్టుకునేది ఇక్కడే. చివరి రెండేళ్ళలోనే నియామక పత్రం, ఖాయం చేసిన ఉత్తర్వు, పదోన్నతి ఉత్తర్వులు, పాత జీతం చీటీలు ఒక ఫైలుగా కుట్టుకుని, ఫైలు కదిలినప్పుడల్లా పంపిన లేఖ నకలు తీసుకోమని ఇక్కడి సీనియర్లు జూనియర్లకు చెబుతుంటారు. కమిషన్ పోర్టల్ అంత శ్రద్ధగా లోపలికి తీసుకున్న మనిషిని, అదే ప్రభుత్వం బయటికి పంపేటప్పుడు ఇంకా కాగితాల కట్టతోనే పంపుతోంది. ఐదు నక్షత్రాల్లో హుడుమాకు నాలుగున్నర, కమిషన్ పోర్టల్‌కు మూడున్నర, పింఛన్ల విభాగానికి ఒకటిన్నర ఇస్తాను. కౌంటీ బోర్డులు ఒకదానికొకటి పోలిక లేనంత తేడాగా ఉన్నాయి కాబట్టి వాటికి కలిపి ఒక్క అంకె వేయలేను.